కలిసిపోయిన ధ్వనులు: ‘మాయాబజార్’ నుండి దండారి దాకా

1957 మార్చి 27న విడుదలైన విజయావారి ‘మాయాబజార్’ చిత్రాన్ని హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ రంగులద్ది, డి.టి.ఎస్. 5.1 ధ్వనితో 2010 జనవరి 30న మళ్ళీ విడుదల చేసింది. చిత్రానికి రంగు వేసినట్లే శబ్దానికి కూడ ఏదో మెరుగు పెట్టారని సామాన్య ప్రేక్షకుడు అనుకొనవచ్చును. కాని శాస్త్రదృష్టితో చూస్తే ఈ రెండు పనులు ఒకే జాతికి చెందినవి కావు.

‘వివాహ భోజనంబు’ పాటలో ఎస్.వి. రంగారావు తెరమీద ఒకచోట, ఆయన ముందున్న పిండివంటలు మరొకచోట ఉంటాయి. వేరువేరు చోట్ల ఉన్న వస్తువులకు వేరువేరు రంగులు వేయవచ్చును. అది శ్రమతో కూడిన పనే గాని అసాధ్యం కాదు. ఆ పాట పాడిన మాధవపెద్ది సత్యం కంఠమూ, వెనుకనున్న వాద్యాలూ అలా విడివిడిగా లేవు. అవి ఒకే శబ్దరేఖగా అచ్చుపడి ఉన్నవి. ఏ క్షణాన చూచినా ఆ రేఖ తెలిపేది ఒక్క సంఖ్యనే, అనగా అన్ని ధ్వనుల మొత్తాన్నే. 12 అన్న సంఖ్యను చూపి ఇది 7, 5ల మొత్తమా, 9, 3ల మొత్తమా అని అడిగితే ఎవరు చెప్పగలరు? కంపన సంఖ్యను బట్టి జల్లెడ పట్టవచ్చును గదా అంటారేమో. వయోలిన్ అతితక్కువ శ్రుతి సెకనుకు 196 కంపనాలు. పురుషుని కంఠధ్వని కూడ ఆ ప్రాంతంలోనే మెలుగుతుంది. ఒకదాన్ని జల్లెడ పడితే రెండవదాని ముక్కలు కూడ రాలిపోతాయి.

కాబట్టి ఒకే వాహికలో ఉన్న పాత ధ్వనిని ఆరు వాహికలకు విస్తరించినప్పుడు, విన్నదానిలో 1957 నాటిది ఎంత, కొత్తగా చేర్చినది ఎంత అన్నది ప్రేక్షకుడికి తెలియజేయాలి. ‘5.1’ అన్న అంకె మాత్రం ఆ సంగతి చెప్పదు. రంగులను గురించి గొప్పగా చెప్పుకొనే పునరుద్ధరణలన్నీ ఈ లెక్కను కూడ అప్పజెప్పితే బాగుండును.

ఇప్పటి చిత్రాలకు ఈ చిక్కు రానవసరం లేదు. నేటి మిశ్రమంలో సంభాషణలు, సంగీతం, ఇతర శబ్దాలు అని కనీసం మూడు పాయలను వేరుగా నింపి ఉంచుతారు. వీటినే స్టెములు అంటారు. (మన సినిమావారు ‘రీరికార్డింగ్’ అనే మాటను నేపథ్య సంగీతానికి వాడుతారు గాని, ఆ మాటకు అసలు అర్థం ఈ మిశ్రమమే.) 2022 మార్చి 25న ‘ఆర్.ఆర్.ఆర్.’ అయిదు భాషలలో విడుదలైంది. అటువంటి చిత్రాలకు భాష మారినప్పుడల్లా సంభాషణల పాయను మార్చి, మిగిలిన రెండింటిని యథాతథంగా వాడుకొనవచ్చును.

అయితే పాయలు వేరుగా ఉన్నంత మాత్రాన చాలదు. వాటిని కూడితే అసలు మిశ్రమం రావాలి. హెచ్చు ధ్వనులను అణచే సాధనాన్ని మొత్తం మీద పెట్టినప్పుడు, సంగీతం బిగ్గరగా ఉన్నచోట మాట కూడ అణగుతుంది. అప్పుడు విడి పాయల కూడిక మొత్తానికి సరిపోదు. దీనికి ఒక చక్కని పరీక్ష కలదు. పాయలన్నిటిని కూడి, అసలు మిశ్రమాన్ని తలక్రిందులు చేసి దానికి కలపాలి. నిశ్శబ్దం మిగిలితే లెక్క సరి. చప్పుడు మిగిలితే ఎక్కడో తప్పు జరిగినట్లు.

ఖర్చు మాటకు వస్తే, సెకనుకు 48,000 మాదిరులు, మాదిరికి 3 బైట్లు, పాయకు 6 వాహికల చొప్పున మూడు పాయలకు రెండున్నర గంటల చిత్రానికి సుమారు 23.3 గిగాబైట్లు అవుతుంది. చొక్కా జేబులో పట్టే వస్తువులో ఇమిడిపోయే ఈ సరుకును దాచకపోవడానికి సాకు లేదు.

యంత్రాలు నేర్చుకొని విడదీస్తాయి గదా అని కొందరు ధైర్యం చెబుతారు. జాన్ లెనన్ 1970ల చివర పియానో వాయిస్తూ క్యాసెట్టుపై పాడిన పాట ఒకటి ఉంది. 1995లో అతని మిత్రులు దానిని పూర్తిచేయబోయి మానుకొన్నారు. ఆ కంఠాన్ని యంత్రంతో వేరుచేసి 2023లో ఆ పాటను విడుదల చేశారు. ఇది నిజమైన విజయమే. కాని యంత్రం ఇచ్చేది ఒక అంచనా. కంఠాలు, పియానోలు లెక్కకు మించి విన్నందువల్ల అంచనా బాగా కుదురుతుంది. ఇచ్చోడ ప్రాంతపు గోండు గూడేలలో వినిపించే పెప్రెనూ, ప్రధాన్ గాయకుల కీకిరినీ అది ఎన్నిసార్లు విన్నది?

దీపావళి రోజులలో ఆ గూడేలలో దండారి ఆటపాటలు సాగుతాయి. ఒకే ఫోనును ఆటకు నడుమ పెట్టి పట్టిన శబ్దంలో డోలు పాటను మింగివేస్తుంది. గోండీ మాటల ఉచ్చారణను రేపు ఒక విద్యార్థి పరిశీలించదలిస్తే, అతనికి దొరికేది 12 అన్న సంఖ్య వంటిదే. రెండు ఫోనులతో ఈ నష్టాన్ని చాలవరకు తప్పించవచ్చును. ఒకటి గాయకుని నోటికి జానెడు దూరంలో, రెండవది డోలు దగ్గర ఉండాలి. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపైతే శబ్దపీడనం సగమవుతుంది. గాయకుని ఫోనుకు డోలు ఎనిమిది జానల దూరంలో ఉంటే, జానెడు దూరంలో వినిపించే దానిలో ఎనిమిదవ వంతు పీడనం, అనగా 18 డెసిబెల్లు తక్కువ, అక్కడికి చేరుతుంది. స్టూడియో పాయలంత శుద్ధిగా ఉండదు, ఐనా మాట తెలుస్తుంది. రొదను తనంతట తానే తగ్గించే సౌకర్యం ఫోనులో ఉంటే దానిని ఆపివేయాలి. పైన చెప్పిన అణచివేత దోషమే అందులోనూ ఉంది.

స్టూడియోలో పాయలు ఒకదానితో ఒకటి తప్పిపోకుండా చిత్రానికి సరిగా 2 సెకన్ల ముందు 1000 కంపనాల చిన్న కూత పెడతారు. గూడెంలో అందుకు బదులు రెండు ఫోనుల నడుమ నిలిచి ఒక్క చప్పట్టు కొడితే చాలును. తరువాత ఫైలుకు ఊరు, తేదీ, గాయకుడు, వాద్యం పేర్లు పెట్టి, కలిపిన ప్రతితోపాటు కలపని ప్రతులు రెండింటిని కూడ దాచాలి. వినడానికి అడ్డమని ఆ చప్పట్టును మాత్రం కోసివేయరాదు.