మొగమాటము – మనస్తత్వశాస్త్రము – నవలావిమర్శ

ఆధునికాంధ్ర నవలపై వెలువడు పరిశోధన వ్యాసములలో "మనస్తత్వ పరిశీలన" యను పేర ఒక ప్రకరణ ముండుట పరిపాటి యైనది. దాని నడకయు ఇంచుమించుగా నిశ్చితమే. మొదట ఫ్రాయిడు, యూంగు, ఆడ్లరుల సిద్ధాంతములు పది పుటలలో సంగ్రహింపబడును. పిమ్మట నవలలోని పాత్రలు వరుసగా పిలువబడి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు పెట్టబడును. పేరు పెట్టుటతో పరిశీలన ముగియును. రోగము పేరు చెప్పి రోగిని ఇంటికి పంపివేయు వైద్యుని తీరిది. మా సిద్ధాంతవ్యాసమునను ఇట్టి ప్రకరణ మొకటి కలదు కనుక ఈ మాట యనుటకు మాకు కొంత అధికారము కలదనుకొందుము.

రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి 'అల్పజీవి' నాయకుడు సుబ్బయ్యను తీసికొందము. ఇట్టి ప్రకరణములకు ఇతడు నిత్యబలి. ఇతడొక గుమాస్తా, పిరికివాడు, అందరి యెదుటను తన్ను తాను అల్పునిగా నెంచుకొనువాడు. బంధువైన వెంకట్రావు కొరకు కంట్రాక్టరు గవరయ్యయొద్ద అప్పు తెచ్చి, ఆ యప్పు తీరు దారి కానక దినదినము క్రుంగును. "సుబ్బయ్యది ఆత్మన్యూనతాభావము" అని వ్రాయుట తప్పు గాదు. నవల పేరే ఆ మాట చెప్పుచున్నది. ఆ పేరు చెప్పిన పిదప సుబ్బయ్యను గూర్చి మనకు క్రొత్తగా తెలిసినది ఏమియు లేకపోవుటయే లోపము. ఆడ్లరు మతమున న్యూనతాభావము శైశవమున మొలకెత్తి, దానిని పూడ్చుకొను యత్నముతో జంటయై మనుష్యుని నడుపును. అది ఒక వ్యక్తి లోపలి కథ. సుబ్బయ్యను ముంచినదో ఒక యప్పు. అది ఒకని లోపల పుట్టినది గాదు, ఇద్దరి నడుమ పుట్టినది. ఒక డడిగెను, ఒకడు లేదనలేకపోయెను. దీనికి తెలుగున ఇంటింట వాడు మాట యొకటి కలదు: మొగమాటము. మేము చదివిన వ్యాసములలో సుబ్బయ్యను గూర్చి ఆ మాట వాడినది ఒక్కటియు లేదు.

విందులో "మొగమాటపడకుడు, మరికొంచెము వడ్డించుకొనుడు" అందురు. హామీసంతకము చేసి చిక్కుపడినవాడు "మొగమాటమునకు పెట్టితిని" అని వాపోవును. నిజము చెప్పగోరువాడు "మొగమాటము లేకుండ చెప్పెదను" అని మొదలిడును. మొదటిచోట అది మర్యాద, రెండవచోట బలహీనత, మూడవచోట సత్యమునకు అడ్డు. (మొగమాటమునకు పోయినందువలని ఫలమును గూర్చి జనులు చెప్పుకొను మోటు సామెతను ఇచట వ్రాయము, పాఠకు లెరుగుదురు.) లోపల కలుగు ఇబ్బంది కావున అది భావము. ఎదుటివానిని నొప్పింపరాదను నియమము కావున అది విలువ. కాదనవలసినచోట అవుననిపించును కావున అది సాంఘిక ప్రవర్తనము. మూడును ఒక్క మాటలో ఇమిడి యున్నవి.

మనస్తత్వశాస్త్రమున ఈ మూడును మూడు వేరు గదులలో నున్నవి. విలువలను కొలుచుటకు ప్రశ్నపత్రములు కలవు. ఆల్‌పోర్టు, వెర్నను లనువారు 1931లో ఆరు తెగల విలువలను కొలుచు పరీక్షను సిద్ధము చేసిరి. రోకీచు 1973లో ముప్పదియారు విలువలను రెండు పట్టికలుగ పేర్చి, వానిని ప్రాధాన్యమును బట్టి వరుసపెట్టుడని జనుల నడిగెను. ష్వార్ట్జు 1992లో అనేక దేశముల సమాధానములను పరిశీలించి పది తెగలను నిర్ణయించెను. భావములకు ముఖచిత్రములు సాధనములైనవి. ఎక్మను, ఫ్రీసెను లనువారు న్యూగినీలోని ఫోరే జాతివారికి చిన్న కథలు వినిపించి, తగిన ముఖచిత్రమును ఎంపిక చేయుమనిరి. 1971లో ఆ ఫలితములు వెలువడినవి. సంతోషము, దుఃఖము, క్రోధము, భయము, జుగుప్స, ఆశ్చర్యము అను ఆరింటి ప్రసిద్ధి కట్టివారి పనివలననే కలిగినది. మూడవ గదిలోని పనులలో ఒకదానికడ కొంత నిలిచి చూడవలసి యున్నది.

లాపియరు అను అమెరికా సాంఘికశాస్త్రజ్ఞుడు 1930లో మొదలిడి రెండేండ్లపాటు ఒక చీనాదేశపు యువ దంపతులతో కలిసి అమెరికాలో సంచారము చేసెను. చీనావారిపై ద్వేషము అచట బలముగా నున్న దినము లవి. ఉండుటకో తినుటకో 251 చోట్లకు వెళ్లగా ఒక్కచోట మాత్రమే వారిని కాదనిరి. కొన్ని నెలలు గడచిన పిమ్మట ఆ స్థలములకే "చీనావారిని మీరు చేర్చుకొందురా?" అని ఉత్తరములు వ్రాయగా, వచ్చిన 128 సమాధానములలో నూటికి తొంబదికి పైగా "చేర్చుకొనము" అనియే వచ్చినవి. 1934లో అచ్చయిన ఈ వ్యాసమును మనుష్యుడు చెప్పు వైఖరికిని చేయు పనికిని పొత్తు లేదనుటకు నేటికిని ఉదాహరింతురు. ఉత్తరము వ్రాసినవాడును నాడు గది యిచ్చినవాడును ఒకడే యని చెప్పలేమనియు, తెల్లవాడైన ఆచార్యుడు వెంట నుండుటయే తలుపు తెరపించినదేమో యనియు ఆక్షేపణలు కలవు, అవి సమంజసములే. కాని తెలుగువాడు ఈ వృత్తాంతము వినగానే శాస్త్రజ్ఞులు చెప్పని మాట యొకటి చెప్పును: "ఎదుట నిలిచినవారిని పొమ్మనుటకు మొగమాటపడియుందురు." ఇది పూర్తి సమాధాన మని మే మనము. ఉత్తరమునకు మొగము లేదు, మనుష్యునకు కలదు అను భేదమును ఆ మాట వెంటనే పట్టించుచున్నది.

ఇక ప్రశ్నపత్రముల సంగతి. అడిగినవానికి మంచివాడుగా కనబడవలెనను కోరికతో జనులు సమాధానములను మార్చి చెప్పుదురని శాస్త్రజ్ఞులకు తెలియును. క్రౌను, మార్లో లనువారు 1960లో దానిని కొలుచుటకే ముప్పదిమూడు వాక్యముల పరీక్షను కూర్చిరి. అయితే ఆ కొలత ప్రధానముగ దేనికి వినియోగపడినది? తక్కిన కొలతలనుండి ఆ కలుషమును తీసివేయుటకు. వారికి తుడిచివేయదగిన దోషముగా తోచిన దానిలోనే నవలాకారునకు వస్తువు దొరకును. ఇది శాస్త్రముపై నింద గాదు. వారి ప్రశ్న వేరు. వారి సమాధానమును మన ప్రశ్నకు అతికించుకొనుట మన తప్పు.

ఈ మాట వినగానే, భరతుడు ఇదంతయు ముందే చెప్పినాడు గదా యని సంతోషించువారు మనలో లేకపోలేదు. ఎక్మను ఆరింటిలో అయిదు మన స్థాయీభావముల జాబితాలోనే యున్నవి. సంతోషమును హాసమునకు చేరువ చేయవచ్చును. రతియు ఉత్సాహమును మిగులును. ఈ లెక్క సరిపోవుటను ఘనతగా చాటుటవలన భరతునకు వచ్చు లాభము లేదు. ఆయన చెప్పినది రంగముపై భావము నెట్లు ప్రకటింపవలెనని, అది రసముగా నెట్లు పరిణమించునని. అంతకంటె, నాట్యశాస్త్రము ప్రతి భావమునకును అది పుట్టు సందర్భమును చెప్పినదన్నది గమనింపదగిన విశేషము. ముప్పదిమూడు వ్యభిచారిభావములలో వ్రీడను చూడుడు. పెద్దల నతిక్రమించుట, చేసిన ప్రతిజ్ఞ నెరవేర్పలేకపోవుట మున్నగునవి దానికి విభావములు. తల వంచుకొనుట, నేలపై గీతలు గీయుట, ఉంగరమును తడవుట, గోళ్లు గిల్లుకొనుట దాని అనుభావములు. మన మొగమాటమునకు ఆ జాబితాలో దగ్గరి చుట్ట మిదియే. అయినను రెండును ఒకటి గావు. వ్రీడ చేయరాని పని చేసిన పిదప కలుగును. మొగమాటము పనికి ముందు వచ్చి, చేయరాని పనిని చేయించును. కావున భరతుని పట్టికయు మనకు సిద్ధమైన సమాధానము నీయదు.

ఒక భాషలోని యింటిమాటను శాస్త్రము గడప దాటించుట అసాధ్య మేమియు గాదు. చీనావారి "ముఖము" అను భావనపై హూ షియెన్ చిన్ 1944లో వ్యాసము వ్రాసెను. 1955లో గాఫ్‌మను దానిని స్మరించి, ముఖము నిలుపుకొనుట, ఎదుటివాని ముఖము నిలుపుట అను వ్యవహారమును సాంఘికశాస్త్రమున స్థిరపరచెను. జపానులో తకేవో దోయి అను మనోవైద్యుడు తన భాషలోని "అమాయె" అను మాటను, అనగా ఎదుటివాని ఆదరముపై పసివానివలె ఆధారపడు గోమును, పట్టుకొని 1971లో ఒక గ్రంథమే వ్రాసెను. మన పొరుగుననే, ఒరిస్సాలో, ఉషా మేనను, ష్వేడరు లనువారు కాళిక నాలుక చాపుటను అచటి జనులు "లజ్జ"గా చెప్పుకొను తీరును పరిశీలించి 1994లో ప్రకటించిరి. ఆంగ్లమున ఆ మాటకు సమానముగా నిచ్చు పదము అవమానమును, కళంకమును తలపించును. ఒరియావారి లజ్జయో తన బలమును తాను అణచుకొను సద్గుణము. ఈ మువ్వురి పద్ధతియు ఒక్కటియే. సిద్ధమైన పేరును మనుష్యునకు తగిలింపక, మనుష్యులు వాడు మాటను ఏయే సందర్భములలో ఎవరు ఎవరితో వాడుదురో పరికించిరి. ఇది భాషాసాహిత్య శాఖకు చేతనైన పని.

మరల సుబ్బయ్య. మొగమాటమునకును భయమునకును ఒక భేదము కలదు. మొగమాటము మనిషి ఎదుట నున్నంతవరకే. వాడు వీధి మలుపు తిరుగగానే అది విసుగుగనో పశ్చాత్తాపముగనో మారును. భయము ఎదుట మనిషి లేనప్పుడే పెరుగును. ఇంటికి వచ్చి పక్కలో పడుకొనును. ఈ భేదమును మనసున నుంచుకొని చదివినచో 'అల్పజీవి' శిల్పమే మరియొక తీరున కనబడును. ఈ నవల అధికభాగము సుబ్బయ్య తలపులలో జరుగును. ఆ కథనరీతిని చైతన్యస్రవంతి యని పేరు పెట్టి, జాయిసును తలచి వదలివేయుట వాడుక. కాని ఆ రీతి భయమునకు తగిన రీతి. గవరయ్య ఎదుట లేకున్నను అతడు ఆ తలపులనిండ నుండగలడు. మొగమాటమునకు తలపులలో చోటు లేదు. అది సంభాషణలలో, ఆడిన మాటకును మ్రింగివేసిన మాటకును నడుమ నుండును. కావున సుబ్బయ్య మనస్తత్వమును పరిశీలింపగోరు విద్యార్థి అతని స్వగతముల నొకవంకను, అతడు పరులతో ఆడిన మాటల నొకవంకను వేరుగా వ్రాసికొని, మొగమాటముతో ఎదుట అవుననినది ఏకాంతమున ఎక్కడ భయముగా మారుచున్నదో గుర్తింపవలెను. ఆత్మన్యూనతాభావ మను పేరు రెండింటిని కప్పి, ఆ మార్పును కనబడనీయదు.

ఈ వ్యాసము వ్రాయుటకు కారణ మొకటి కలదు. కొంతకాలము క్రిందట ఒక సిద్ధాంతవ్యాసము పరీక్షకై మాకు వచ్చినది. సుబ్బయ్యకు అందు తొమ్మిది పుటలు కేటాయింపబడినవి. ఏడు పుటలు ఆడ్లరు. పర్యవేక్షకుడు మాకు చిరకాల మిత్రుడు. మౌఖికపరీక్ష నాడు మా యెదుటనే కూర్చుండెను. మేము ఆమోదపత్రముపై సంతకము చేసి, కాఫీ త్రాగి, మధ్యాహ్నపు బండికి వచ్చివేసితిమి.