పుట్టీ కింద చచ్చిపోతున్న పనితనం

వెల్డింగ్ పనుల్లోకెల్లా కష్టమైనది పల్చటి రేకుని రేకుకి అతకడం. లారీ ఛాసిస్‌లు అతికే మేస్త్రులు ఈ మాటకి మీసం మెలేస్తారు, వాళ్ల పని వాళ్లకి గొప్ప. కానీ పది మిల్లీమీటర్ల ప్లేటు ఎంత వేడినైనా మింగేస్తుంది. కారు డోరు రేకు ముప్పావు మిల్లీమీటరు, 22 గేజి. ఇనుము కరిగేది సుమారు 1500 డిగ్రీల దగ్గర. గ్యాస్ (ఆక్సీ-ఎసిటిలీన్) మంట సుమారు 3100 డిగ్రీలు. అంత మంటని అంత పల్చటి రేకు మీద నడిపించి, చిల్లు పడకుండా, వంకర పోకుండా, అతుకు వేలికి తగలకుండా చేసేవాళ్లు మన మధ్య ఉన్నారు. వాళ్లని మనం ‘టింకరింగ్ వాళ్లు’ అని తేలిగ్గా పిలిచి, బేరమాడి, పంపించేస్తున్నాం.

విజయవాడ ఆటోనగర్, గాజువాక ఆటోనగర్, హైదరాబాద్‌లో వనస్థలిపురం ఆటోనగర్... ఎక్కడికెళ్లినా ఒకరో ఇద్దరో ఇలాంటి వాళ్లు కనిపిస్తారు. వీళ్లని ఆంధ్ర వైపు మేస్త్రి అంటారు, హైదరాబాద్‌లో ఉస్తాద్ అంటారు. ఆసియాలో ఇంత పెద్ద ఆటోనగర్ ఇంకోటి లేదని బెజవాడ వాళ్లు చెప్పుకుంటారు. అది నిజమో కాదో గానీ, పనితనంలో మాత్రం వాళ్లని తక్కువ చేయడానికి లేదు. వాళ్ల అవసరం ఎక్కువగా పాతకార్లకే. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే పోయింది. 1983 డిసెంబరులో వచ్చిన తొలి మారుతీ 800లు కూడా ఇప్పుడు పాతకార్ల లెక్కే. వీటికి కొత్త ప్యానెల్ కొందామంటే చాలాసార్లు దొరకదు. అప్పుడు చేత్తో చేయాల్సిందే.

విశాఖ, కాకినాడ, బందరు లాంటి సముద్రపు ఊళ్లలో కారుకి తుప్పు పైనుంచి పట్టదు, లోపల్నుంచి తింటూ వస్తుంది. డోరు అడుగున నీళ్లు పోయే కంతలు మట్టితో పూడుకుపోతాయి. ఫుట్‌బోర్డు డొల్లలో ఉప్పుగాలి తేమ నిలుస్తుంది. రంగు మీద చిన్న బుడగ లేచిందంటే వెనక అరచేతి మేర జల్లెడ అయిపోయిందని అర్థం. మంచి మేస్త్రి ముందు సుత్తి పట్టడు, స్క్రూడ్రైవర్ పడతాడు. పొడిచి పొడిచి చూసి, గట్టి ఇనుము తగిలేదాకా వెళ్లి, అక్కణ్నుంచి ఇంకో అంగుళం దాటి కోస్తాడు. చూసేవాళ్లకి గుండె గుభేలుమంటుంది, ఉన్న కారు కూడా పాడుచేస్తున్నాడని. అక్కడ కక్కుర్తి పడితే రెండు వానాకాలాలకి అతుకు పక్కనే మళ్లీ తుప్పు లేస్తుంది.

ఒక పద్మిని ముందు మడ్‌గార్డు అడుగుభాగం అతుకుతుంటే దగ్గర నిలబడి చూశాను. తుప్పు తిన్న ముక్క కోసేశాక మేస్త్రి క్యాలెండర్ అట్ట పెట్టి కొలత గీసుకున్నాడు. కొత్త ముక్క మూలలు గుండ్రంగా కత్తిరించాడు, కోసుగా ఉంటే అక్కడ వేడి పోగుపడి రేకు లాగేస్తుందట. ఇసకసంచి మీద పెట్టి, కొయ్యసుత్తితో కొట్టి కొట్టి వంపు తెప్పించాడు. అంచుకి అంచు ఆనించాడు. ఒకదాని మీద ఒకటి ఎక్కించలేదు. అన్నిటికంటే చిన్న నాజిల్ బిగించి, మంట మధ్యలో నీలం మొన పదునుగా నిలిచేదాకా వాల్వు సవరించాడు. అప్పుడు ఒక చుక్క. అంగుళం ఎడంలో ఇంకో చుక్క. ప్రతి చుక్కా ఎర్రగా ఉండగానే వెనక డాలీ (చేత్తో పట్టుకునే ఇనుప దిమ్మ) ఆనించి పైనుంచి రెండు దెబ్బలు. చుక్కల మధ్య కలిపేటప్పుడు ఈ చివర కొంచెం, ఆ చివర కొంచెం. చాలాచోట్ల తీగ కూడా వాడలేదు, రెండంచుల్నీ కరిగించి ఒకదాన్లోకి ఒకటి కలిపేశాడు. పక్కనున్న కుర్రాడు తొందరపడుతుంటే, “ఆగరా చిన్నా, రేకుని చల్లారనీ. వేడి మీద వేడి పెడితే అలుగుద్ది” అన్నాడు.

ఆ అలగడానికి కారణం ఉంది. వేడెక్కిన చోట ఇనుము వ్యాకోచించాలని చూస్తుంది. చుట్టూ ఉన్న చల్లటి రేకు దాన్ని కదలనివ్వదు. దిక్కులేక అక్కడే మందమవుతుంది. చల్లారాక ముడుచుకుని చుట్టుపక్కల రేకునంతా తనవైపు లాక్కుంటుంది. అందుకే ప్యానెల్ అలలు తిరుగుతుంది. దీనికి మందు సుత్తే. అతుకు కింద డాలీ పెట్టి సరిగ్గా దాని మీదే కొడితే ముడుచుకున్న ఇనుము మళ్లీ సాగుతుంది. మరీ సాగిపోయి, నొక్కితే టక్కుమని లోపలికి, వదిలితే టక్కుమని బయటికి వస్తుంటే, రూపాయి బిళ్లంత మేర ఎర్రగా కాల్చి, సుత్తితో సర్ది, తడిగుడ్డతో అద్దుతారు, రేకు బిగుస్తుంది. ఎక్కడ సాగదీయాలో ఎక్కడ బిగించాలో చెప్పే మీటరు ఏదీ లేదు. అరచేతికి పల్చటి గుడ్డ చుట్టుకుని, కళ్లు మూసుకుని తడుముతారు. ఆకురాయి ఒకసారి అడ్డంగా నడిపితే ఎత్తున్నచోట మెరుస్తుంది, పల్లం నల్లగా మిగులుతుంది. ఒక అంబాసిడర్ వెనక చక్రం పైకమాను మొత్తం పోతే మూడు ముక్కల్లో కట్టి నిలబెట్టిన పెద్దాయన ఒకరున్నారు. రంగు వేయకముందు ఆ మూడు ముక్కల అతుకులు ఎక్కడున్నాయో వెతుక్కోమన్నారు. నా వల్ల కాలేదు.

ఈ గ్యాస్ మంటని 1903 ప్రాంతంలో ఫ్రాన్సులో ఫూషే, పికార్ అనే ఇద్దరు పనికి పెట్టారు. మన ఊళ్లకి కార్బైడ్ ట్యాంకుల రూపంలో వచ్చింది. ఇప్పుడు ఎక్కడ చూసినా సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ వదులుతూ కరెంటుతో అతికే) వెల్డింగే. దాని మంచి దానికుంది: వేడి తక్కువ చోట ఉంటుంది, పని త్వరగా అవుతుంది. కొత్తకార్ల పిల్లర్లకి వాడే గట్టి ఉక్కు మీద గ్యాస్ మంట పెట్టకూడదు కూడా, ఉక్కు బలం పోతుంది. అయినా పాతకారు పైరేకు దగ్గరికొస్తే నేను గ్యాస్ పక్షమే. సీఓటూ అతుకు గట్టిపడి ఉబ్బుతుంది. సుత్తికి లొంగదు, గ్రైండర్‌కే లొంగుతుంది. ఆ గ్రైండర్ కాస్త ఎక్కువ తిరిగితే పక్క రేకు కాగితమైపోతుంది. గ్యాస్ అతుకు మెత్తగా ఉండి, సుత్తి చెప్పినట్టు వింటుంది.

అయితే నా కోపం సీఓటూ మీద కాదు, పుట్టీ మీద. తుప్పుని కోయకుండా పైపైన గీకి, చిల్లు మీద రేకుముక్క ఎక్కించి రివెట్లు కొట్టి, దాని మీద వేలు మందాన పుట్టీ రాసి, నున్నగా రుద్ది రంగు వేసేస్తున్నారు. పైన పటారం, లోన లొటారం. ఎక్కించిన రెండు రేకుల సందులో నీళ్లు నిలిచి తుప్పు మరింత జోరుగా తింటుంది. పుట్టీ తేమ పీల్చుకుని ఏడాదికో రెండేళ్లకో పెచ్చులుగా లేస్తుంది. ఫుట్‌బోర్డుల్లో ఫోమ్ నింపి దాచినవి కూడా చూశాను. ఫుట్‌బోర్డు అంటే అలంకారం కాదు, కారు నడుము. గుద్దుకున్నప్పుడు లోపలున్న మనిషిని కాయాల్సింది అదే. అక్కడ పుట్టీ రాసి డబ్బు తీసుకోవడం మోసం. దానికింకో పేరు పెట్టి మర్యాద చేయనక్కర్లేదు.

తప్పు ఒక్క పనివాళ్లదే అనడం న్యాయం కాదు. నాలుగు రోజుల పనికి ఒక్కరోజు కూలీ ఇస్తామంటే ఏ మేస్త్రి సుత్తి పడతాడు? పెద్ద షోరూముల్లో ప్యానెల్ మార్చేయడమే గానీ బాగుచేసే ఓపిక లేదు. పదిహేనేళ్లు నిండిన కారుకి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే ఫిట్‌నెస్ చూపించాలి గనక, అప్పటికి మెరిస్తే చాలనుకునే యజమానులూ ఎక్కువే. మేస్త్రుల కొడుకులు వేరే పనులకి వెళ్లిపోతున్నారు, వాళ్లని తప్పు పట్టలేం. ఐటీఐల్లో వెల్డర్ ట్రేడ్ ఉంది, షీట్ మెటల్ ట్రేడ్ ఉంది. ఈ రెండూ ఒక చేతిలో కలిసేది మాత్రం ఎక్కువగా ఈ షెడ్లలోనే. ఈ షెడ్లలోని పెద్ద మేస్త్రుల్ని వారానికొక పూట ఐటీఐకి పిలిచి, గౌరవంగా జీతమిచ్చి, పిల్లల చేత సుత్తి పట్టించమని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనీ అడుగుతున్నాను.

పాతకారున్న వాళ్లకి ఇంకో మాట. ముందు ఒక చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకోండి. అంటుకోనిచోట మందంగా పుట్టీ ఉందని లెక్క. కారు పనికి ఇచ్చేటప్పుడే చెప్పండి: పైరేకు అంచుకి అంచు అతకాలి, పెట్రోలు ట్యాంకు దించి బ్యాటరీ తీగలు విప్పాకే మంట పెట్టాలి, జింకు పూత రేకైతే అతికేచోట పూత గీకేయాలి, ఆ పొగ పీలిస్తే సాయంత్రానికి జ్వరం. అతుకు లోపలివైపు మైనం కొట్టించండి, నీటి కంతలు తెరిపించండి. ప్రైమర్ కొట్టకముందు, పుట్టీ డబ్బా మూత తీయకముందు వెళ్లి ఉత్త రేకు చూడండి. చేత్తో తడమండి. అతుకు చేతికి తగలకపోతే ఆ మేస్త్రి అడిగినంతా ఇవ్వండి, బేరమాడకండి.