కొద్ది కదలిక, ఎక్కువ మాట: పెద్దల కార్టూన్‌లో కాలేజీ జీవితం

యానిమేషన్ అంటే పిల్లల వినోదమనే అభిప్రాయం తెలుగు ఇళ్లలో బలంగా నాటుకున్నప్పటికీ, పెద్దల కోసం గీసిన హాస్య ధారావాహికకు టెలివిజన్‌లో అరవై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. అమెరికాలో ఏబీసీ ఛానెల్ 1960 సెప్టెంబర్ 30న ప్రారంభించిన ‘ది ఫ్లింట్‌స్టోన్స్’ పెద్దలు టీవీ ముందు కూర్చునే రాత్రివేళ ప్రసారమైంది. తొలి సంవత్సరాల్లో దాని ప్రాయోజకుల్లో ఒక సిగరెట్ కంపెనీ ఉండడమే అది ఎవరిని ఉద్దేశించినదో చెబుతుంది. ఒకే పాత్రల బృందం, ఒకే ఇరుగుపొరుగు, వారానికొక చిక్కు, అరగంటలో దాని పరిష్కారం అనే చట్రంలో నడిచే హాస్య ధారావాహికను సిట్‌కామ్ అంటారు. ఆ చట్రాన్ని నటుల నుంచి గీతలకు అప్పగించిన ఈ సంప్రదాయానికి 1989 డిసెంబరులో మొదలైన ‘ది సింప్సన్స్’ మళ్లీ ఊపిరి పోయగా, యువ ప్రేక్షకుల మీద ఆధారపడిన ఎమ్‌టీవీ ‘బీవిస్ అండ్ బట్‌హెడ్’, ‘డారియా’ వంటి వాటితో దానిని కుర్రకారు జీవితం వైపు మళ్లించింది.

ఆ వరుసలో కాలేజీ జీవితాన్ని నేరుగా పట్టుకున్నది ‘అండర్‌గ్రాడ్స్’. అమెరికా, కెనడాల ఉమ్మడి కృషిగా వచ్చిన ఈ ధారావాహికను పీట్ విలియమ్స్ సృష్టించగా, 2001 ఏప్రిల్‌లో ఎమ్‌టీవీలో మొదలై 13 భాగాలతో అదే ఏడాది ఆగిపోయింది. హైస్కూలు దాకా కలిసి పెరిగిన నలుగురు మిత్రులు వేర్వేరు కాలేజీల్లో చేరి, కొత్త చోట ఇమడలేక, పాత స్నేహాన్ని వదులుకోలేక సతమతమయ్యే మొదటి సంవత్సరమే దాని కథావస్తువు. ఇంత చిన్న ఆయుష్షు గల రచన ఈ సంప్రదాయపు పనితనాన్ని పరిశీలించడానికి చక్కగా ఉపయోగపడుతుంది.

ఈ పనితనంలో మొదటి సూత్రం మాటకు ఇచ్చే ప్రాధాన్యం. సంభాషణను ముందుగా రికార్డు చేసి, ఏ అక్షరం ఏ ఫ్రేములో పలుకుతుందో ఎక్స్‌పోజర్ షీట్ అనే పొడవాటి పట్టికలో నమోదు చేసుకుని, పెదవుల ఆకారాలను ఆ పట్టిక ప్రకారం గీస్తారు. అందువల్ల హాస్యం ముందుగా గొంతులో పుట్టి తరువాత గీతలోకి వస్తుంది. మాట మధ్య విరామం, నసుగుడు, తడబాటు బొమ్మ కదలికను నిర్ణయిస్తాయి. ‘అండర్‌గ్రాడ్స్’లో నలుగురు ప్రధాన పాత్రలకూ విలియమ్స్ స్వయంగా గాత్రం ఇవ్వడం ఈ పద్ధతి వల్లనే సాధ్యమైంది. తెలుగువారి తోలుబొమ్మలాటలోనూ తెర వెనుక ఒకే కళాకారుడు గొంతు మార్చి పలు పాత్రలను పలికించడం, ఆ పలుకును అనుసరించి బొమ్మ చేతులు ఆడడం పాతకాలం నుంచి ఉన్నదే.

రెండవ సూత్రం కదలికలో పొదుపు. సినిమా సెకనుకు 24 ఫ్రేముల వేగంతో నడుస్తుంది కనుక 22 నిమిషాల భాగానికి 31,680 ఫ్రేములు కావాలి. ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేములకు నిలిపినా 15,840 బొమ్మలు గీయవలసి ఉంటుంది. టెలివిజన్ బడ్జెట్ ఈ భారాన్ని మోయలేదు కనుక, శరీరాన్ని నిశ్చలంగా ఉంచి నోరు, కనురెప్పలు, ఒక చెయ్యి మాత్రమే కదిలించే పరిమిత యానిమేషన్ రూపుదిద్దుకుంది. యూపీఏ స్టూడియో చిత్రకారులు 1950 ప్రాంతంలో దీనిని ఒక సౌందర్య దృష్టిగా మలచగా, హన్నా-బార్బెరా సంస్థ వారం వారం నడిచే ఉత్పత్తి విధానంగా మార్చింది. ఆ సంస్థ బొమ్మ యోగి బేర్ మెడకు కాలరు, టై ఉండడం అలంకారం కోసం కాదు. తలను, మొండేన్ని వేర్వేరు పొరలపై గీసినప్పుడు వాటి అతుకు కనబడకుండా ఉండడానికి. తోలుబొమ్మకు మెడ, భుజం, మోచెయ్యి, మోకాలు దగ్గర వేర్వేరు తోలు ముక్కలను ముడితో కలపడంలోనూ ఏది కదలాలి, ఏది నిలవాలి అన్న ఇదే లెక్క ఉంది. ‘అండర్‌గ్రాడ్స్’లో గింపీ అనే పాత్ర తన హాస్టల్ గది దాటకుండా కంప్యూటర్ తెర మీది వెబ్‌కామ్ ద్వారా మిత్రుడితో మాట్లాడుతుంటాడు. చిన్న చతురస్రంలో బిగించిన ముఖం గీతల ఖర్చును తగ్గించడంతో పాటు, గది వదలని విద్యార్థి ఒంటరితనాన్ని కూడా చూపుతుంది.

మూడవ సూత్రం పాత్రల మూస. తెర మీద నీడ పడగానే ఎవరో గుర్తుపట్టగలిగేలా ఆకారాన్ని, ఒక్క వాక్యం వినగానే తెలిసేలా స్వభావాన్ని నిర్ణయిస్తారు. నిట్జ్ సగటు విద్యార్థి, రాకో జల్సారాయుడు, క్యాల్ అమాయకుడైనా అమ్మాయిలు మెచ్చేవాడు, గింపీ కంప్యూటర్ లోకంలో మునిగినవాడు. మూస పాత్ర నాసిరకమని విమర్శకులు భావించవచ్చు గాని, తోలుబొమ్మలాటలోని జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు కూడా మూస పాత్రలే. రామాయణ భారత కథల నడుమ ఈ హాస్యపు బొమ్మలు చొరబడి, ఆలుమగల కీచులాటలను, ఊరి పెద్దల డాంబికాన్ని, నలుగురిలో ఎత్తని శృంగార విషయాలను మొరటుగా మాట్లాడడాన్ని జనం సహించారు, ఇష్టపడ్డారు కూడా. నటుడు అంటే తప్పుగా తోచే మాట తోలుబొమ్మ అంటే నవ్వు పుట్టించింది. పెద్దల కార్టూన్ తాగుడు, శారీరక ఆకర్షణ, ఓటమి భయం వంటి విషయాలను ఎత్తగలగడం వెనుక ఉన్నది కూడా ఈ వెసులుబాటే.

అయితే కాలేజీ అనే వస్తువుకు, సిట్‌కామ్ అనే రూపానికి మధ్య ఒక సహజ వైరుధ్యం ఉంది. సిట్‌కామ్ ప్రతి వారం మొదటి చోటికే తిరిగి వస్తుంది, గీసిన పాత్రకు వయసు రాదు. కాలేజీ మాత్రం నిర్ణీత సంవత్సరాల్లో ముగిసి, అందులోని వారిని మార్చి బయటికి పంపుతుంది. ‘అండర్‌గ్రాడ్స్’ ఈ వైరుధ్యాన్నే హాస్యానికి మూలంగా చేసుకుంది: మారకూడదని పంతం పట్టిన నలుగురు, వారిని మార్చకుండా వదలని చదువు. మొదటి సంవత్సరం దగ్గరే ఆగిపోయినందువల్ల ఆ కథకు ముగింపు దక్కలేదు. అందుకే 2018లో అభిమానుల చందాలతో దానిని సినిమాగా పూర్తిచేసే ప్రయత్నం మొదలైంది. ‘డారియా’కు మాత్రం నాయిక కాలేజీ గడప తొక్కే దశలో, 2002 జనవరిలో ఒక టీవీ చిత్రంతో సక్రమమైన ముగింపు లభించింది. మూడవ ఉదాహరణ భారతదేశానికి సంబంధించినది. చారిత్రక వ్యక్తుల ప్రతిరూపాలు ఒక హైస్కూల్లో చదువుతాయన్న కల్పనతో వచ్చిన ‘క్లోన్ హై’లో గాంధీని చపలచిత్తుడైన కుర్రవాడిగా చూపినందుకు 2003 జనవరిలో దిల్లీలో నిరసన దీక్షలు జరిగాయి, ఎమ్‌టీవీ క్షమాపణ చెప్పింది, ఆ ధారావాహిక 13 భాగాల వద్దే ఆగి ఇరవై ఏళ్ల తరువాత గాని మళ్లీ రాలేదు. బొమ్మకు లభించే వెసులుబాటు ఊరిని, కాలాన్ని, చూసేవారి గౌరవభావాన్ని బట్టి మారుతుందని ఈ ఉదంతం తెలియజేస్తుంది.

ఈ పనితనాన్ని తెలుగు జీవితానికి అన్వయించాలంటే, ముంబైలోని వర్లి, కామాఠీపురల్లో తెలుగువారు ఉండే చాళ్ల (ఒంటిగది ఇళ్ల వరుసల) కంటే అనువైన ఆవరణ దొరకడం కష్టం. చాల్‌లో గదులన్నింటి ముందు సాగే పొడవాటి గ్యాలరీ, ఒకే కొలతతో వరుసగా వచ్చే తలుపులు, ఒక్కసారి గీసి పదేపదే జరుపుకునే బ్యాక్‌గ్రౌండ్‌కు సహజంగా సరిపోతాయి. వర్లి బీడీడీ చాళ్లలో 160 చదరపు అడుగుల గదిలో కుటుంబమంతా నివసిస్తూ వచ్చిన చోట, మూలన కూర్చుని పరీక్షకు చదివే విద్యార్థి కదలనవసరం లేదు. అతని చుట్టూ వినబడే మాటలే దృశ్యాన్ని నడుపుతాయి. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి మిల్లుల్లో మగ్గం పట్టిన పద్మశాలీల తరం 1982 జనవరి 18న మొదలైన మిల్లు కార్మికుల సమ్మెతో ఉపాధి కోల్పోగా, మున్సిపల్ తెలుగు బడుల నుంచి కాలేజీకి చేరిన తరువాతి తరం ఇంట్లో తెలుగు, గ్యాలరీలో మరాఠీ, లోకల్ రైల్లో హిందీ, తరగతిలో ఇంగ్లిష్ మాట్లాడుతూ పెరిగింది. గొంతు నుంచి పుట్టే హాస్యానికి ఇంతకు మించిన ముడిసరుకు ఉండదు. తోలుబొమ్మలాటను తెలుగు ఊళ్లలో తరతరాలుగా నిలిపిన కుటుంబాల్లో చాలామంది ఇంటి భాష మరాఠీ మాండలికం కాగా, తెర మీది భాష తెలుగు. అనంతపురం ప్రాంతంలోని నిమ్మలకుంట ఈ కళకు ప్రసిద్ధి, అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. రెండు భాషల మధ్య బతికినవారే బొమ్మలకు గొంతునిచ్చిన వారసత్వం తెలుగుకు ఉందని ఈ కుటుంబాల వల్ల స్పష్టమవుతుంది.

పెద్దల కార్టూన్ సిట్‌కామ్ విలువ దాని ప్రసార కాలంలో లేదు. తక్కువ గీతలతో, ఎక్కువ మాటతో, పెద్దలు బయటికి చెప్పుకోని సంగతులను నలుగురి ముందు పెట్టగలగడంలో ఉంది. యానిమేషన్ కోర్సుల్లో చేరి ఇతర దేశాల బొమ్మలకు మెరుగులు దిద్దుతున్న తెలుగు యువకులు తమ చాల్ భాషను, తమ కాలేజీ అనుభవాన్ని 13 భాగాల పాటైనా గీయడానికి పూనుకోవాలి. ముంబైలోని తెలుగు సంఘాలు పండుగ సభలకు వెచ్చించే శ్రద్ధలో కొంత వారికి కేటాయించాలి.