‘స్త్రీ’ ఎక్కడ తెరిచినా

బాల్కొండలో పెళ్లిపత్రికో, దుకాణం ఫ్లెక్సీయో తయారుచేసి నిజామాబాద్ ప్రెస్సుకు పంపేముందు డీటీపీ ఆపరేటర్ అక్షరాలను ‘కర్వ్స్’ చేసేస్తాడు. కోరల్‌డ్రాలో కంట్రోల్, క్యూ నొక్కితే చాలు. అవతలి కంప్యూటర్లో ఫాంట్ లేకున్నా రూపం చెదరదు. కానీ ఇక అది రాత కాదు, గీత. మేనమామ పేరు తప్పు పడిందని ఫోనొస్తే పాత ఫైలు వెతుక్కోవాల్సిందే.

ఇంక్‌స్కేప్ పనితనం నాకు నచ్చేది ఇక్కడే. 2003లో మొదలైన ఈ ఉచిత బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది. మ్యాక్‌లో ఎక్స్‌క్వార్ట్జ్ ఊతం అక్కర్లేకుండా నడవడం మాత్రం 2020 మేలో వచ్చిన 1.0తోనే కుదిరింది. ఎక్కడ తెరిచినా రాత రాతగానే ఉంటుంది.

‘స్త్రీ’ని చూడండి. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, అన్నిటికన్నా చివర గుడిదీర్ఘం. చూపులో మాత్రం ఆ గుడిదీర్ఘం స నెత్తిన ఉండాలి. తవత్తు, రవత్తు కిందికి దిగాలి. ఈ సర్దుబాటంతా ఇరాన్‌లో పుట్టిన బెహదాద్ ఎస్ఫహ్‌బోద్ మలిచిన, ఇంక్‌స్కేప్ వాడుకునే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్‌ది. ఏది అసలు హల్లో, ఏవి వత్తులో ముందు తేల్చుకుంటుంది. చివరనున్న గుడిదీర్ఘాన్ని ముందుకు జరుపుతుంది. వత్తుల రూపాలను ఫాంట్ నుంచి తెచ్చుకుంటుంది. ‘కై’ వస్తే ఇంకా ముచ్చట: ఐత్వం సంకేతాన్ని రెండుగా చీల్చి ఒక ముక్క పైన, ఇంకోటి కింద పెడుతుంది.

ఇలా అక్షరాలు సర్దడానికి విండోస్‌కు డైరెక్ట్‌రైట్, మ్యాక్‌కు కోర్‌టెక్స్ట్ అని ఎవరి పద్ధతి వారిది. ఇంక్‌స్కేప్ వాటి మీద ఆధారపడకుండా తన మేస్త్రీని తనతోనే తీసుకెళ్తుంది. ఫాంట్ కూడా ఒకటే కావాలనుకోండి. సిలికానాంధ్ర వారి ‘మండలి’ లాంటి ఉచిత ఫాంటును ఫైలుతోపాటే పంపవచ్చు.

అక్షరాలు సర్దే ఈ పని ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో తేలింది. కంటికి కనపడని విడదీత సంకేతం ఒకటి కలిసిన ‘జ్ఞా’ ఎదురైతే ఐఫోన్లలో యాప్‌లు మూతపడ్డాయి. ఐఓఎస్ 11.2.6తో యాపిల్ సరిచేసింది. జ్ఞానమంటే ఫోన్లకూ భయమే కాబోలు!

పాత ఆపరేటర్ల చేతిపనిని తక్కువ చేయను. పేజ్‌మేకర్, అను ఫాంట్ల కాలంలో తెలుగు ముక్కలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో ఉండేవి; ఫాంట్ లేకపోతే తెర మీద మిగిలేది గజిబిజే. అయినా ఏ అక్షరం కింద ఏ వత్తు పొందికగా ఉంటుందో వాళ్ల కంటికి తెలుసు. అలాంటి నేర్పే ఇప్పుడు ఫాంట్ లోపల పట్టికలుగా చేరింది.

ప్రెస్సుకు కావాల్సిన నాలుగు రంగుల విభజన దగ్గర ఇంక్‌స్కేప్ తడబడుతుంది. అందుకు స్క్రైబస్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఉంది. అదీ విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలో నడుస్తుంది, అదీ హార్ఫ్‌బజ్‌నే వాడుతుంది. నేనైతే వినాయకుడి బొమ్మ, పూల అంచు ఇంక్‌స్కేప్‌లో గీసి, పేర్లు, ముహూర్తం స్క్రైబస్‌లో పేరుస్తాను. ప్రెస్సుకు పీడీఎఫ్ పంపితే ఫాంట్ అందులోనే ఇమిడి వెళ్తుంది. మేనమామ పేరు దిద్దడానికి అసలు ఫైలు నా దగ్గరే ఉంటుంది.