పదకొండు రూపాయల దోశ

1979లో బెల్ ల్యాబ్స్ యూనిక్స్ ఏడో ఎడిషన్‌ను బయటికి ఇచ్చినప్పుడు అందులో డేటాను కీ, వాల్యూ జతలుగా దాచే డీబీఎం అనే చిన్న లైబ్రరీ కూడా ఉంది. రాసింది కెన్ థాంప్సన్. ఫైలు తెరవడానికి ఒక ఫంక్షన్, దాచడానికి ఒకటి, తీయడానికి ఒకటి, చెరపడానికి ఒకటి, ఉన్న కీలన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోవడానికి రెండు. మొత్తం ఆరు. గుడి ముందు చెప్పుల స్టాండులో టోకెన్ ఇచ్చినట్టే ఇక్కడ కీ ఇస్తే చాలు. సరుకు ఏ అరలో ఉందో అడిగినవాడికి అనవసరం.

హద్దులు ఉండేవి. ఒక ప్రోగ్రాం ఒకసారికి ఒక్క ఫైలే తెరవగలదు. కీ, వాల్యూ కలిపి ఒక్క బ్లాకులో పట్టాలి. 1986లో బర్కిలీ వాళ్ల ఎన్‌డీబీఎం మొదటి ఇబ్బంది తీర్చింది. ఆ తర్వాత ఎస్‌డీబీఎం, జీడీబీఎం, 1991లో బర్కిలీ డీబీ. లోపల ఎవరి పద్ధతి వారిదే అయినా, పాత ప్రోగ్రాములు మూలన పడకుండా పాత పిలుపులకు పలికే ఏర్పాటు అన్నిట్లోనూ ఉంచారు.

పైథాన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. దాని డీబీఎం మాడ్యూల్‌తో ఫైలు తెరిస్తే అది మామూలు డిక్షనరీలా పనిచేస్తుంది. వెనకాల ఉన్నది జీడీబీఎమా, ఎన్‌డీబీఎమా అన్నది ఆ కంప్యూటర్‌ను బట్టి ఉండేది. ఏదీ లేకపోతే 'డంబ్' అనే అచ్చ పైథాన్ స్టోరేజీయే గతి. విండోస్‌లో ఏళ్ల తరబడి జరిగింది అదే. కోడ్ ఒకటే, కానీ లినక్స్‌లో జీడీబీఎం రాసిన ఫైలును విండోస్‌కు తీసుకెళ్తే తెరుచుకోదు. ఏ ఫైలు ఏ రకమో ఊహించి చెప్పడానికే విచ్‌డీబీ అని వేరే ఫంక్షన్ పెట్టారు.

కొత్త స్టోరేజీ ఏది చేతికొచ్చినా రాస్తుండగానే ప్రోగ్రామ్‌ను కిల్ చేసి చూడటం ఈ కాలమిస్టుకు అలవాటు. డంబ్‌ను ఇలా పరీక్షించడం సులువు, దాని ఇండెక్సు నోట్‌ప్యాడ్‌లో చదవగలిగే టెక్స్ట్ ఫైలు కాబట్టి. కొత్త ఫైలులో ఇడ్లీ 40, దోశ 90 అని రాస్తే, ఇడ్లీ పక్కన 0, 2 అనీ, దోశ పక్కన 512, 2 అనీ పడతాయి: మొదటిది డేటా మొదలయ్యే చోటు, రెండోది పొడవు. ఇప్పుడు దోశను 110 చేసి, ఫైలు మూయకముందే 'కిల్ మైనస్ తొమ్మిది' కొట్టాలి. డేటా ఫైలులో 110 పడిపోయింది. ఇండెక్సులో పొడవు మాత్రం ఇంకా రెండే. మళ్లీ తెరిచి అడిగితే దోశ 11 రూపాయలు! ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు.

డంబ్‌ను తిట్టి లాభం లేదు. గత్యంతరం లేనప్పుడే వాడండని దాని డాక్యుమెంటేషనే చెబుతుంది. రెండు ఫైళ్లూ ఎంతసేపైనా పొంతన లేకుండా ఉండవచ్చని సోర్స్ కోడ్‌లో కామెంటు కూడా ఉంది. చిక్కంతా అన్ని స్టోరేజీలకూ వర్తించే ఫంక్షన్ల ఉమ్మడి జాబితాలో ఉంది. రాసింది డిస్కుకు చేర్చమని చెప్పే సింక్ ఫంక్షన్ జీడీబీఎంలో ఉంది, డంబ్‌లో ఉంది, ఎన్‌డీబీఎంలో లేదు. ఒక్కచోట లేదు గనక ఉమ్మడి జాబితాకు ఎక్కలేదు. అందరికీ అత్యవసరమైనది అలా జారిపోయింది.

2007లో అమెజాన్ ఇంజినీర్లు తమ కీ-వాల్యూ స్టోరేజీ అయిన డైనమో గురించి ప్రచురించిన పరిశోధన పత్రం ఇలాంటి చిక్కులు చెప్పే విషయంలో దాపరికం లేనిది. దాని ఇంటర్‌ఫేస్‌లో ఉన్నవి గెట్, పుట్ రెండే. కానీ గెట్ అడిగితే ఒక్క వాల్యూయే వస్తుందన్న భరోసా లేదు. ఒకదానితో ఒకటి పొసగని వెర్షన్లు కలిసి రావచ్చు, వాటి వెంట కాంటెక్స్ట్ అనేది ఒకటి వస్తుంది. పుట్ చేసేటప్పుడు దాన్ని తిరిగి అప్పజెప్పాలి. షాపింగ్ కార్టు వెర్షన్లను కలిపేస్తే, చేర్చిన వస్తువు పోదు గానీ తీసేసిన వస్తువు మళ్లీ ప్రత్యక్షం కావచ్చని ఆ పత్రమే ఒప్పుకుంది. ప్రోగ్రామర్‌కు ఇది తలనొప్పే. అయితే ఆ తలనొప్పి కస్టమర్ ఫిర్యాదు చేసిన రోజున కాక, కోడ్ రాసే రోజునే మొదలవుతుంది.

2024 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.13 నుంచి డీబీఎం మాడ్యూల్‌తో కొత్త ఫైలు సృష్టిస్తే వెనుక ఎస్‌క్యూలైట్ ఉంటుంది. అంత పెద్ద రిలేషనల్ డేటాబేస్‌లో ఒకే టేబుల్, కీ, వాల్యూ అని రెండే కాలమ్‌లు. ఇక్కడ కిల్ కొడితే దోశ 90 అయినా ఉంటుంది, 110 అయినా ఉంటుంది. పాత ఫైళ్ల సంగతి వేరు: పైథాన్‌ను అప్‌గ్రేడ్ చేసినా డంబ్ ఫైలును డంబ్‌గానే తెరుస్తుంది. మార్చాలంటే కొత్త ఫైలు తెరిచి, పాతదాంట్లోని ఒక్కో కీని చదివి అందులో వేసుకోవాలి. కోడ్ పది లైన్లకు మించదు.