ఆరు నెలల అమ్మమ్మలు

అమెరికా పిల్లలు అమ్మానాన్నల్ని రప్పించుకునేది జీతం లేని ఆయాలుగా వాడుకోవడానికేనన్న మాట ఈ వారం మళ్ళీ చెవినపడింది. ఎప్పుడు విన్నా ఒళ్ళు మండే మాట ఇది. కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో డోహర్టీ వ్యాలీ వీధుల్లో చీర మీద స్వెట్టరు, కాళ్ళకు స్పోర్ట్స్ బూట్లతో స్ట్రోలర్ తోసుకెళ్ళే అమ్మమ్మల్ని చూసి జాలిపడేవాళ్ళకు, ఆ ఇంట్లో ఆమె చేతిలో ఉన్న విద్య ఏమిటో తెలియదు. కాన్పుకు పుట్టింటికి వెళ్ళడం మన ఆచారం, జపాన్‌లోనూ ఉన్నదే. అమెరికాలో మాత్రం పుట్టిల్లే శొంఠిపొడి, వాము, కాయం సూట్‌కేసులో సర్దుకుని విమానమెక్కి వస్తుంది.

పసిబిడ్డకు లాల పోయడమే తీసుకోండి. పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, బిడ్డను ఆ కాళ్ళ మీద వేసుకుని, నూనె పట్టించి, సున్నిపిండితో నలిచి, ముక్కులోకి చుక్క పోకుండా నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టి నీళ్ళు పోయాలి. అక్కడి బాత్‌రూముల్లో టబ్బు బయట నీళ్ళు పోయే తూము ఉండదు. కాబట్టి అరవై దాటిన మనిషి టబ్బు అంచు దాటి లోపలికి దిగి, అక్కడ పీట వేసుకుని, జారకుండా ఈ పనంతా చేయాలి. సాంబ్రాణి వేస్తే స్మోక్ అలారం మోగుతుంది. పసివాళ్ళ ఊపిరితిత్తులకు ఆ పొగ పనికిరాదని డాక్టర్లు చెప్పేది సబబే, అది మానేస్తే విద్యకు వచ్చిన లోటేమీ లేదు. మిగతాదంతా చేతిలో ఉంది. ఏ ఏడుపు ఆకలిదో ఏది కడుపునొప్పిదో చెప్పడం, బాలింతకు ఏ పూట ఏం పెట్టాలో ఎంచడం, రాత్రి రెండింటికి కూతురు బెంబేలెత్తితే బిడ్డను భుజాన వేసుకోవడం జీతమిస్తే దొరికే పనులు కావు. వాటిని చాకిరీ అనడం ఆమెను తక్కువ చేయడమే.

అయితే ఆమె ఆరు నెలలు ఉండాల్సి రావడం పిల్లల స్వార్థం వల్లేనా? చట్టాన్ని చూడాలి. కన్నవాళ్ళకు గ్రీన్‌కార్డు అడిగే హక్కు 21 ఏళ్ళు నిండిన అమెరికా పౌరులకే ఉంది. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకు లేదు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకూ లేదు. ఏటా దాదాపు 1,40,000 ఉండే ఉద్యోగ గ్రీన్‌కార్డుల్లో మామూలుగా ఏ దేశానికీ 7 శాతం మించకూడదు కనుక మనవాళ్ళ వరుస ఏళ్ళ తరబడి కదలదు. అందాకా తల్లిదండ్రులు చుట్టపుచూపుగా రావలసిందే. బి-2 వీసా మీద దిగినవారికి మామూలుగా ఆరు నెలల గడువు ఇస్తారు. సెలవుల సంగతీ అంతే. జపాన్‌లో ఉద్యోగ బీమా ఉన్నవారికి, విదేశీయులైనా, బిడ్డకు ఏడాది వచ్చేదాకా సెలవు ఉంది. మొదటి 180 రోజులు జీతంలో 67 శాతం, ఆ తర్వాత సగం చేతికొస్తుంది. కాలిఫోర్నియాలో బిడ్డ కోసం తండ్రికి దొరికే పెయిడ్ ఫ్యామిలీ లీవ్ 8 వారాలు. తల్లికి కాన్పు విశ్రాంతి కూడా కలిపితే మూడు నెలల పైచిలుకు. టోక్యోలో తెలుగు దంపతులకు చట్టం ఇచ్చే వెసులుబాటు లేని లోటును శాన్ రామన్‌లో అమ్మమ్మ, నాయనమ్మ పూడుస్తున్నారు.

ఇంతవరకు తప్పంతా చట్టానిదే అనిపిస్తుంది. కానీ క్యాలెండరు ముందుపెట్టుకుంటే, ఆయా అన్న ఆ మాటలో నిజం లేకపోలేదని ఒప్పుకోవాలి. పురుడు పోసే విద్యకు పట్టేది మూడు నెలలు. బిడ్డ మెడ నిలుస్తుంది, బాలింత తేరుకుంటుంది. నాలుగో నెల నుంచి జరిగేది వేరు. పొద్దున ఇద్దరూ ఆఫీసుకో, పైగదిలో మీటింగులకో వెళ్ళిపోతే సాయంత్రందాకా బిడ్డ, ఇల్లు, వంట ఆ పెద్దామెవే. అక్కడ పసిపిల్లల డేకేర్ నెలకు 2,000 డాలర్లు దాటడం మామూలే. ఆ డబ్బు మిగులుతోంది ఆమె మోకాళ్ళ మీదే. అమ్మ విమానమెక్కే వారంలో అత్తగారు దిగేలా టికెట్లు కొన్నామంటే, ఐ-94 మీద ప్రభుత్వం రాసిన అనుమతి గడువును మనం డ్యూటీ గడువుగా మార్చినట్టే. అక్కడ పెద్దవాళ్ళకుండే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఆమెకు వర్తించదు, విజిటర్ ఇన్సూరెన్సు పాత జబ్బులను సాధారణంగా పట్టించుకోదు. లివర్‌మోర్ శివవిష్ణు ఆలయానికి వెళ్ళాలన్నా అల్లుడికి శనివారం తీరికుండాలి. కౌంటీ కనెక్షన్ బస్సులో డబ్లిన్ బార్ట్ రైలు స్టేషన్‌దాకా వెళ్ళడం అమ్మకు వచ్చిన వారంలోనే నేర్పేవాళ్ళు ఎందరు? ఊళ్ళో ఒంటరిగా బజారుకూ బ్యాంకుకూ వెళ్ళొచ్చే మనిషి అక్కడ గుమ్మం దాటడానికి ఇంకొకరి తీరిక కోసం కూర్చోవాలి.

అమ్మే ఉంటానంది కదా అంటారు. దిగకముందే తిరుగు టికెట్ తేదీ ఖాయమైన ఇంట్లో ఏ తల్లి కాదంటుంది? ఒక్క జీతం మీద నడిచే ఇంటికి డేకేర్ భారమన్నది నిజమే, కానీ అలాంటి ఇంట్లో సాధారణంగా పగలంతా తల్లో తండ్రో బిడ్డ దగ్గరే ఉంటారు. రెండు జీతాలు వచ్చేచోట ఆ సాకు చెల్లదు. తేదీ మార్చుకునే వీలున్న టికెట్ కొని, ఎప్పుడు వెళ్ళాలో ఆమెనే చెప్పమనండి. డేకేర్‌లో పేరు మాత్రం కడుపుతో ఉన్నప్పుడే రాయించండి, వెయిటింగ్ లిస్టులు చాలా పొడుగు.