'ద్వీపవాసి' గ్రంథము – జనసంఖ్యా విచారము

ఐర్లండునకు పశ్చిమమున, డింగిల్ ద్వీపకల్పపు కొన కెదురుగా గ్రేట్ బ్లాస్కెట్ అను చిన్న దీవి కలదు. దానియం దున్నది యొక్కటే పల్లె. అందు పుట్టి పెరిగిన జాలరి టామస్ ఓ క్రోహన్ ఐరిష్ భాషలో రచించిన స్వీయచరిత్రము 'అన్ టిలానాఖ్', అనగా 'ద్వీపవాసి', 1929లో వెలువడెను. 1934లో రాబిన్ ఫ్లవర్ దాని నాంగ్లీకరించెను. నాటినుండి ఈ గ్రంథమును మార్పెఱుగని ప్రాచీనజీవనమునకు ప్రతిబింబమని కొనియాడుట పరిపాటియైనది. ఈ ప్రశంస గ్రంథమునకు గౌరవమే కాని న్యాయము కాదు.

జనగణన లెక్కల ననుసరించి 1841లో ఆ దీవిజనము 153, 1851లో 97. నడుమ జరిగినది 1845లో ఉర్లగడ్డ తెగులుతో నారంభమైన మహాక్షామము. పిదప ఐర్లండు దేశమంతయు క్షీణించుచు, 1841లో సుమారు 82 లక్షలున్న జనము 1911 నాటికి 44 లక్షలకు దిగజారెను. దీవి మాత్రము పెరిగి 1916లో 176 మందితో పరమావధి నందెను. దేశమునకు ఎదురీదిన యీ పల్లెను నిశ్చలమనుట యెట్లు పొసగును?

ఈ వృద్ధికి కారణము గ్రంథములోనే యున్నది. అనేకులు కూడి లాగవలసిన వలల బరువుపడవలు పోయి, ముగ్గురు నలుగురు నడుపగల తేలిక గుడ్డపడవలు వచ్చుట, పెద్దరొయ్యలకు బేరగాండ్రు దొరకుట – వీనిని టామస్ కన్నులార చూచి చెప్పెను. పాఠకులు వీనిని వేడుకకథలుగా చదివి దాటిపోవుదురు. అవి పల్లెకు పొట్టకూటి మార్గములు.

గ్రంథమునకు మఱియొక విలువ కలదు. పందొమ్మిదవ శతాబ్దపు ఐరిష్ జనగణనలో ఇంటింటి పత్రములు దాదాపుగా నశించినవి: తొలి నాలుగు గణనలవి అధికభాగము 1922లో డబ్లిన్ దఫ్తరుఖానా దగ్ధమైనపుడు పోయెను, 1861, 1871 సంవత్సరములవానిని ప్రభుత్వమే అంతకుముందు నాశనము చేయించెను, 1881, 1891 పత్రములు మొదటి ప్రపంచయుద్ధకాలమున కాగితపుగుజ్జుగా మారినవి. మొత్తములు నిలిచెను, మనుష్యులు పోయిరి. ఆ మనుష్యులను టామస్ నిలిపెను. అయినను ఆయన జన్మించినది 1855 ప్రాంతమున; క్షామవృత్తాంత మాయనకు వినికిడియే. కావున 153 ఏల 97 ఆయెనో తేల్చుటకు ఆయనను సాక్షిగా పిలుచుట తగదు. తన యెఱుకలోని పోక లను గూర్చియే ఆయన సాక్ష్యము ప్రమాణము: తోబుట్టువు లమెరికాకు ఓడ యెక్కుట, తన బిడ్డలలో నొకడు పక్షిపిల్లలకై పోయి కొండచఱియనుండి పడుట, పొంగు, కోరింతదగ్గు కొందఱిని గొనిపోవుట, ఒకడు మునుగుచున్న యువతిని కాపాడబోయి మునుగుట. ఇంత దుఃఖమును ఆయన కొన్ని వాక్యములలో ముగించెను. కాఠిన్యమని తోచవచ్చును, కాని నూటయేబది మంది గల పల్లెలో ప్రతి మరణమును అందఱెఱిగినదే, వర్ణన మెవరికి కావలెను?

మఱియొక జాగరూకత. 1929 ముద్రణమున పరిష్కర్త కొన్ని భాగములను తొలగించెను; ఫ్లవర్ అనువాదమునకు ఆ పాఠమే మూలము. తొలగిన భాగములతో సమగ్రపాఠము 2002లోను, దాని యాంగ్లానువాదము 2012లోను వెలువడినవి. ఫ్లవర్ ప్రతి నొక్కదానినే చేతబట్టి పల్లెజీవనమును నిర్ణయించువారు ముందుగా ఆ రెండింటిని సరిచూడవలయును.